యూఎస్‌బీ గుర్తుపట్టట్లేదా? బోర్డు మళ్ళీ వేయించే ముందు వరసగా చూడాల్సినవి

బోర్డు వచ్చింది, సోల్డరింగ్ అయింది, కంప్యూటర్‌కి పెట్టగానే "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అని మెసేజ్. ఇక్కడ చాలామంది నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒకటే, "ఇంపీడెన్స్ తేడా కొట్టింది, రెండో రివిజన్ వేయిద్దాం" అని. (ఇంపీడెన్స్ అంటే బోర్డు మీది రాగి దారిలో, అంటే ట్రేస్‌లో, పరిగెత్తే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు; రివిజన్ అంటే డిజైన్ మార్చి బోర్డు మళ్ళీ వేయించడం.) కొంచెం ఆగండి. హైదరాబాద్‌లో ఎంతమంది ఫైనల్ ఇయర్ పిల్లలు, ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకునే చిన్న కంపెనీల వాళ్ళు సొంత డబ్బులతో బోర్డులు వేయించుకుంటారో మీకు తెలిసిందే, ఒక రివిజన్ అంటే డబ్బులు ఒక్కటే కాదు, నెల రోజుల పని ఆగిపోతది. పైగా కారణం తెలుసుకోకుండా వేయించిన రెండో బోర్డు కూడా అదే మెసేజ్ ఇస్తది.

యూఎస్‌బీలో మంచి విషయం ఏంటంటే అది మెట్టు మెట్టుగా ఎక్కుతది. ముందు 5 వోల్టులు రావాలి, తర్వాత మన చిప్ ఒక లైన్‌ని పైకి లాగి "నేనున్నా" అని చెప్పాలి, అప్పుడు కంప్యూటర్ రీసెట్ ఇస్తది, స్పీడ్ ఎంతో తేలుతది, ఆ తర్వాత డిస్క్రిప్టర్ (తనెవరో చిప్ చెప్పుకునే వివరాల పట్టిక) అడుగుతది, అడ్రస్ ఇస్తది. ఏ మెట్టు మీద ఆగిందో కనిపెడితే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోయినట్టే. ఇంపీడెన్స్ ఈ వరసలో చాలా తర్వాత వస్తది. అందుకే నేను చెప్పే పద్ధతి కూడా అదే వరసలో ఉంటది, మధ్యలో మెట్లు దాటెయ్యకండి.

ఇదంతా యూఎస్‌బీ 2.0 గురించి, అంటే 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్, 480 మెగాబిట్ల హై స్పీడ్ గురించి. 5 గిగాబిట్ల లైన్ల సంగతి వేరే.

1. కేబుల్, పోర్ట్

ఇది రెండు నిమిషాల పని. కోఠి గుజరాతీ గల్లీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా చవగ్గా దొరికే కేబుళ్ళలో చాలావాటికి లోపల డేటా వైర్లే ఉండవు, ఛార్జింగ్‌కి మాత్రమే. అదే కేబుల్‌తో వేరే ఏదైనా ఫోన్ నుంచి ఫైల్ కాపీ అవుతుందో లేదో చూడండి. వేరే పోర్ట్, వేరే కంప్యూటర్ కూడా ట్రై చెయ్యండి. ఒక కంప్యూటర్‌లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే ఆ మాట రాసిపెట్టుకోండి, పుల్-అప్ (లైన్‌ని పైకి లాగే రెసిస్టర్) దగ్గరకి వచ్చినప్పుడు అది పనికొస్తది.

2. 5 వోల్టులు నిజంగా బోర్డు దగ్గర ఉన్నాయా

మీటర్ కనెక్టర్ పిన్ను మీద పెట్టి "5 ఉంది" అని వదిలెయ్యొద్దు, రెగ్యులేటర్ ఇన్‌పుట్ దగ్గర, చిప్ 3.3 పిన్ను దగ్గర, బోర్డు లోడ్‌లో ఉన్నప్పుడు చూడండి. సన్నటి 28 గేజ్ వైర్ మీటర్‌కి సుమారు 0.21 ఓమ్ ఉంటది, పోను రాను కలిపి 2 మీటర్ల కేబుల్‌లో 0.85 ఓమ్ దాకా, 500 మిల్లీ ఆంపియర్లు లాగితే 0.4 వోల్టు పైనే కేబుల్‌లోనే పోతది. ఇంకో సంగతి, గ్రౌండ్ వైర్‌లో పడే డ్రాప్ మన బోర్డు గ్రౌండ్‌ని కంప్యూటర్ గ్రౌండ్ కంటే పైకి లేపుతది, డేటా లైన్లు కొలిచేది ఆ గ్రౌండ్‌తోనే కదా, కాబట్టి పవర్ ప్రాబ్లం సిగ్నల్ ప్రాబ్లం లాగా కనిపిస్తది.

5 వోల్ట్ లైన్ మీద ఎంత కెపాసిటర్ పెట్టారో కూడా చూడండి. స్పెసిఫికేషన్ ప్రకారం డివైస్ వైపు 1 నుంచి 10 మైక్రోఫారడ్ల మధ్యే ఉండాలి. "ఎక్కువుంటే మంచిదే కదా" అని 100, 220 పెట్టేస్తే ప్లగ్ చెయ్యగానే ఒక్కసారి కరెంట్ గుంజుకుని పోర్ట్ వోల్టేజ్ కుంగుతది, అదే హబ్ మీదున్న పక్క డివైస్ కూడా ఒక్కసారి తెగి మళ్ళీ కనెక్ట్ అయితది. ఎక్కువ కావాలంటే లోడ్ స్విచ్ పెట్టి మెల్లగా ఛార్జ్ చెయ్యండి. దీనికి రివర్స్ కేసు కూడా ఉంది, ఉత్త సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే కేబుల్ ఇండక్టెన్స్‌తో కలిసి ప్లగ్ చేసిన క్షణంలో వోల్టేజ్ 5 దాటి చాలా పైకి ఎగురుతది, 6 వోల్టుల మాక్సిమమ్ ఉన్న రెగ్యులేటర్లు ఇలాగే చచ్చిపోతాయి.

3. టైప్-సీ కనెక్టర్ అయితే

సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులుంటాయి. డివైస్ వైపు ఈ రెండింటికీ విడివిడిగా 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి ఉండాలి. విడివిడిగా అన్న మాట పట్టుకోండి. అసలు పెట్టకపోతే ఏ-టు-సీ కేబుల్‌తో బాగానే పని చేస్తది, సీ-టు-సీ కేబుల్ పెడితే పవరే రాదు. రెండు పిన్నులూ కలిపేసి ఒకే రెసిస్టర్ పెడితే మామూలు కేబుల్‌తో నడుస్తది, ఈ-మార్కర్ చిప్ (కేబుల్ తన సామర్థ్యం చెప్పుకునే చిప్) ఉన్న కేబుల్‌తో నడవదు. 2019లో మొదట వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డుల్లో ఉన్న తప్పు ఇదే, తర్వాతి రివిజన్‌లో సరిచేశారు. అంత పేరున్న బోర్డులోనే జరిగింది కాబట్టి మీ స్కీమాటిక్ ఒకసారి తెరిచి చూస్కోండి.

అలాగే టైప్-సీలో డేటా లైన్లయిన డీ ప్లస్, డీ మైనస్ రెండేసి చోట్ల ఉంటాయి, ఏ6 తో బీ6, ఏ7 తో బీ7 కలపాలి. ఒక వైపే కలిపితే కేబుల్ ఒక దిక్కు పెడితే పని చేసి తిప్పి పెడితే పని చెయ్యదు. ఈ గుర్తు కనిపిస్తే ఇంక వేరే ఎక్కడా వెతకనక్కర్లేదు.

4. పుల్-అప్: ఐదు రూపాయల పార్ట్ దగ్గర ఆగే బోర్డులు

మొత్తం గైడ్‌లో ఒక్క కొలత మాత్రమే తీసుకునే టైం ఉందంటే నేను ఇదే తీసుకోమంటా. డివైస్ ప్లగ్ చేసి, మల్టీమీటర్‌తో డీ ప్లస్‌కి గ్రౌండ్‌కి మధ్య, తర్వాత డీ మైనస్‌కి గ్రౌండ్‌కి మధ్య వోల్టేజ్ చూడండి.

కంప్యూటర్ వైపు రెండు లైన్లకీ 15 కిలో ఓమ్ పుల్-డౌన్ (కిందికి లాగే రెసిస్టర్) ఉంటది. ఫుల్ స్పీడ్ డివైస్ డీ ప్లస్‌ని 1.5 కిలో ఓమ్‌తో 3.3కి లాగుతది. లెక్క వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు డీ ప్లస్ మీద సరిగ్గా 3.0 వోల్టులు రావాలి, డీ మైనస్ సున్నా దగ్గర ఉండాలి. రెండూ సున్నా అయితే పుల్-అప్ లేదు, లేదా ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) దాన్ని ఆన్ చెయ్యలేదు, లేదా చిప్ రీసెట్‌లోనే ఉంది. అప్పుడు కంప్యూటర్ అసలు ఏమీ అనదు, మెసేజ్ కూడా రాదు. (హై స్పీడ్‌లో కనెక్ట్ అయిన డివైస్‌కి కూడా ఖాళీగా ఉన్నప్పుడు రెండూ సున్నా దగ్గరే ఉంటాయి, కానీ అది కంప్యూటర్‌లో కనిపిస్తూ ఉంటది కాబట్టి కన్ఫ్యూజ్ అవ్వక్కర్లేదు.)

దీనికి మంచి ఉదాహరణ మనందరి దగ్గరా ఉండే బ్లూ పిల్ బోర్డు. ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్‌లో లోపల పుల్-అప్ ఉండదు, బయట 1.5 కిలో పెట్టాలి. చాలా బ్లూ పిల్ బోర్డుల్లో ఆ చోట 10 కిలో ఉంటది. లెక్క వెయ్యండి: 3.3 ని 15 తో గుణించి 25 తో భాగిస్తే 1.98 వోల్టులు. "హై" అనుకోవడానికి కనీసం 2.0 కావాలి. అంటే సరిగ్గా గీత మీద కూర్చుంది, ఒక కంప్యూటర్ గుర్తుపడతది, ఇంకోటి పట్టదు. మొదట రాసిపెట్టుకోమన్నది ఇందుకే. పీఏ12 పిన్నుకీ 3.3కీ మధ్య 1.8 కిలో రెసిస్టర్ సోల్డర్ చేస్తే 10 కిలోతో ప్యారలల్ అయి 1.5 దగ్గరికి వస్తది, ప్రాబ్లం పోతది.

డీ ప్లస్, డీ మైనస్ తారుమారు అయితే ఎలా తెలుస్తది? పుల్-అప్ డీ మైనస్ మీద కనిపిస్తది కాబట్టి కంప్యూటర్ మీ డివైస్‌ని లో స్పీడ్ (ఫుల్ స్పీడ్ కంటే నెమ్మదైనది) అనుకుంటది. లైనక్స్‌లో మీ ఫుల్ స్పీడ్ చిప్‌కి "న్యూ లో-స్పీడ్ యూఎస్‌బీ డివైస్" అని వచ్చి వెంటనే ఎర్రర్లు మొదలైతే లైన్లు తిరగబడ్డాయని నమ్మకంగా చెప్పొచ్చు. ట్రేస్ కోసి రెండు సన్నటి తీగలతో అడ్డంగా కలిపి చూడండి, ఫుల్ స్పీడ్‌కి ఆ పాటి తీగలు ఏమీ చెయ్యవు.

5. కంప్యూటర్ ఏం చెప్తోందో చదవండి

విండోస్ "కోడ్ 43" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తది. ఒక లైనక్స్ లాప్‌టాప్ గానీ రాస్ప్‌బెర్రీ పై గానీ పక్కన పెట్టుకుని కెర్నల్ లాగ్ (సిస్టమ్ తన మెసేజ్‌లు రాసుకునే చిట్టా) చూస్తూ ప్లగ్ చెయ్యండి, చాలా ఎక్కువ తెలుస్తది.

ఏమీ రాకపోతే పవర్ దగ్గరికి, పుల్-అప్ దగ్గరికి వెనక్కి వెళ్ళండి. "డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71" అంటే ప్రోటోకాల్ ఎర్రర్, కంప్యూటర్ అడిగింది కానీ జవాబు చెడిపోయి వచ్చింది లేదా అసలు రాలేదు, ఇక్కడ క్లాక్ మీదా సిగ్నల్ మీదా అనుమానం పెట్టొచ్చు. "మైనస్ 110" అంటే టైమవుట్, సాధారణంగా చిప్ హార్డ్‌వేర్ "ఆగు ఆగు" అంటోంది గానీ లోపల ఫర్మ్‌వేర్ పట్టించుకోవట్లేదు, ఇంటరప్ట్ ఎనేబుల్ అయిందో లేదో చూడండి. "మైనస్ 32" అంటే స్టాల్, డివైస్ శుభ్రంగా విని "ఇది నాకు తెలీదు" అని చెప్పింది, అంటే మీ సిగ్నల్ బాగానే ఉంది, డిస్క్రిప్టర్ టేబుల్ సరిచేస్కోండి. ఇలాంటి బోర్డు చేతిలో పెట్టుకుని లేఅవుట్ మార్చడం మొదలుపెట్టే వాళ్ళని చూస్తే బాధేస్తది.

హై స్పీడ్ చిప్ పెట్టి 12 మెగాబిట్లలోనే వస్తోందా? హై స్పీడ్ డివైస్ కూడా ముందు ఫుల్ స్పీడ్‌లాగే మొదలై, రీసెట్ టైంలో చిర్ప్ అనే ఒక సిగ్నల్ పంపి, కంప్యూటర్ తిరిగి చిర్ప్ చేస్తేనే 480కి మారతది. ఆ చిర్ప్ కుదరకపోతే ఎర్రర్ లేకుండా 12లో ఉండిపోతది. దీనికి రెండు కారణాలు ముందు చూడండి. ఒకటి, చిప్‌కి నిజంగా హై స్పీడ్ ఫిజికల్ లేయర్ (లైన్ మీద సిగ్నల్‌ని నడిపే సర్క్యూట్) ఉందా: ఎస్‌టీఎం32ఎఫ్407లో ఓటీజీ హెచ్ఎస్ అనే పేరున్నా బయట యూఎల్‌పీఐ చిప్ (ఆ సర్క్యూట్ విడిగా ఉండే చిప్) లేకుండా అది 12 మాత్రమే ఇస్తది. రెండు, రిఫరెన్స్ రెసిస్టర్: ఎఫ్‌టీ2232హెచ్ లాంటి చిప్పులకి రెఫ్ పిన్ను నుంచి 12 కిలో, 1 శాతం రెసిస్టర్ గ్రౌండ్‌కి ఉండాలి, సిగ్నల్ ఎంత ఎత్తులో వెళ్ళాలో డిసైడ్ చేసేది అదే, కాబట్టి అక్కడ డబ్బాలో దొరికిన 10 కిలో, 5 శాతం పెట్టొద్దు.

6. క్లాక్

ఫుల్ స్పీడ్ డివైస్ క్లాక్ 0.25 శాతం లోపల, హై స్పీడ్ అయితే 500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతులు) లోపల ఉండాలి. క్రిస్టల్ ఉంటే ఇది కష్టమేం కాదు, లోడ్ కెపాసిటర్లు కొంచెం అటూ ఇటూ అయినా మామూలుగా ఈ హద్దు దాటదు. నిజంగా తప్పయ్యేది కాన్ఫిగరేషన్‌లో. బోర్డు మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కోడ్‌లో డీఫాల్ట్‌గా 25 ఉండిపోవడం ఎస్‌టీఎం32 ఎఫ్4 సిరీస్‌లో మామూలు. ఎఫ్103 అయితే లోపలి ఆర్‌సీ ఆసిలేటర్‌కి యూఎస్‌బీ 48 మెగాహెర్ట్జ్‌కి కావాల్సినంత కచ్చితత్వం ఉండదు, బయట క్రిస్టల్ పెట్టాల్సిందే. ఎఫ్072 లాంటివి కంప్యూటర్ పంపే ఫ్రేమ్ సిగ్నల్ చూసి తమ క్లాక్‌ని సరిచేసుకుంటాయి, వాటికి క్రిస్టల్ అక్కర్లేదు. క్లాక్‌ని ఒక పిన్ను మీదకి బయటికి తెచ్చి స్కోప్‌లో కొలవండి, క్రిస్టల్ కాళ్ళ మీద ప్రోబ్ పెట్టొద్దు, ప్రోబ్ కెపాసిటెన్స్‌కే అది ఆగిపోవచ్చు.

7. ఇప్పుడు లేఅవుట్

ఇక్కడిదాకా అన్నీ సరిగ్గా ఉండి ఇంకా మైనస్ 71 వస్తుంటే, లేదా 480లో ఎర్రర్లు వస్తుంటే, అప్పుడు ట్రేసుల మీద పడదాం. ముందు ఒక లెక్క, ఎందుకంటే దీనితో సగం భయాలు పోతాయి.

ఎఫ్ఆర్4 (మామూలుగా వాడే మెటీరియల్) బోర్డు మీద సిగ్నల్ మిల్లీమీటర్‌కి సుమారు 6 పీకోసెకన్లు తీసుకుంటది. ఫుల్ స్పీడ్ అంచు (సిగ్నల్ కింది నుంచి పైకి మారే టైం) ఎంత వేగంగా వచ్చినా 4 నానోసెకన్లు. అందులో ఆరో వంతు కంటే తక్కువ టైంలో దాటిపోయే ట్రేస్ చిన్నదే అనుకోవచ్చు, అంటే 10 సెంటీమీటర్ల దాకా ఫుల్ స్పీడ్‌లో ట్రేస్ ఇంపీడెన్స్ మీ బోర్డుని చంపట్లేదు. హై స్పీడ్ అంచు 500 పీకోసెకన్లు, అక్కడ హద్దు దాదాపు 14 మిల్లీమీటర్లు. కాబట్టి 480లో చిప్‌కీ కనెక్టర్‌కీ మధ్య సెంటీమీటరున్నర దాటితే యూఎస్‌బీ డేటా జంటకి కావాల్సిన 90 ఓమ్ ఇంపీడెన్స్ సంగతి సీరియస్‌గా తీసుకోవాలి.

పొడవుల మ్యాచింగ్ కోసం పాము మెలికలు తిప్పుతుంటారు, డీ ప్లస్‌కీ డీ మైనస్‌కీ 2 మిల్లీమీటర్లు తేడా ఉంటే అది 12 పీకోసెకన్లు, హై స్పీడ్‌లో ఒక బిట్ 2083 పీకోసెకన్లు. ఆ 2 మిల్లీమీటర్ల కోసం మెలికలు తిప్పి, మధ్యలో జంటని విడదీసి పాడు చేసుకోవద్దు.

నా దృష్టిలో అసలు దొంగ కింద ఉన్న గ్రౌండ్. సిగ్నల్ ముందుకి పోయేటప్పుడు దాని కరెంట్ కింద ప్లేన్‌లోంచి (పరిచిన గ్రౌండ్ రాగి పొరలోంచి), ట్రేస్ నీడలాగా, వెనక్కి రావాలి. ఆ నీడ దారిలో ప్లేన్ కోసేసి ఉంటే కరెంట్ చుట్టూ తిరిగి రావాలి, అప్పుడు ఇంపీడెన్స్ ఎగురుతది, బయటి నాయిస్ లోపలికొస్తది, మన నాయిస్ బయటికి పోతది. గెర్బర్ (బోర్డు వేయించడానికి పంపే డిజైన్ ఫైల్) తెరిచి డీ ప్లస్ డీ మైనస్ దారి మీద వేలు పెట్టి కనెక్టర్ నుంచి చిప్ దాకా నడిపించండి, కింద లేయర్ ఆన్‌లో పెట్టి. ఎక్కడైనా వేరే ట్రేస్ అడ్డంగా కోసిందా, 5 వోల్ట్ ఏరియా మీద నుంచి 3.3 ఏరియా మీదకి దాటిందా, అనలాగ్ గ్రౌండ్ డిజిటల్ గ్రౌండ్ అని మధ్యలో గాడి పెట్టారా. జంట లేయర్ మారితే ఆ వయాల (లేయర్లని కలిపే రంధ్రాల) పక్కనే ఒకటి రెండు గ్రౌండ్ వయాలు ఉన్నాయా.

తర్వాత వెడల్పు, గ్యాప్. మన దగ్గర ఖర్చు తక్కువని ఎక్కువమంది వేయించేది 1.6 మిల్లీమీటర్ల రెండు లేయర్ల బోర్డు. అందులో గ్రౌండ్ ఒకటిన్నర మిల్లీమీటర్ కింద ఉంటది, కాబట్టి 0.25 ట్రేస్, 0.2 గ్యాప్ పెడితే 90 కాదు, 150 ఓమ్ దగ్గరికి వస్తది. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు ఆర్‌పీ2040 డిజైన్ గైడ్‌లో 1 మిల్లీమీటర్ మందం బోర్డుకే 0.8 వెడల్పు, 0.15 గ్యాప్ చెప్పారు, దాన్ని బట్టే అర్థం చేస్కోండి ఎంత లావు కావాలో. నాలుగు లేయర్లలో గ్రౌండ్ 0.2 కింద ఉంటే సుమారు 0.28 వెడల్పు, 0.2 గ్యాప్‌తో 90 దగ్గరికి వస్తది. హై స్పీడ్ ట్రేస్ పొడుగ్గా ఉంటే నాలుగు లేయర్లకే పోండి అని నా సలహా, తేడా డబ్బులు ఒక్క చెడిపోయిన రివిజన్ కంటే తక్కువే. చర్లపల్లి వైపు ఫ్యాబ్‌కి (బోర్డులు తయారుచేసే కంపెనీకి) ఇచ్చినా బయటి దేశానికి పంపినా ముందు స్టాకప్ అడిగి తీస్కోండి, ఏ లేయర్‌కి ఏ లేయర్‌కి మధ్య ఎంత మందమో రాసివ్వమనండి, ఆ నంబర్లతోనే కాలిక్యులేటర్‌లో వెయ్యండి.

స్టబ్‌లు (అసలు దారి నుంచి పక్కకి పోయే కొమ్మలు) కూడా చూడండి. ఒకే డేటా లైన్‌కి మైక్రో కనెక్టరూ టైప్-సీ కనెక్టరూ రెండూ తగిలించడం, టెస్టింగ్ కోసం పక్కకి లాగిన హెడర్, ఇవి ఫుల్ స్పీడ్‌లో నడిచిపోతాయి, 480లో ఆ కొమ్మ చివర నుంచి సిగ్నల్ తిరిగొచ్చి కన్ను (బిట్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసిన ఐ డయాగ్రమ్ బొమ్మలో మధ్య ఖాళీ) మూసేస్తది. టెస్ట్ పాయింట్ కావాలంటే ట్రేస్ మీదే పెట్టండి.

8. ఈఎస్‌డీ పార్ట్, చోక్, సిరీస్ రెసిస్టర్లు

మన ఎండాకాలం పొడిగాలికి, ఏసీ రూముల్లో, చేతి నుంచి కనెక్టర్‌కి చురుక్కుమని తగలడం మామూలే, కాబట్టి ఈఎస్‌డీ డయోడ్ (ఆ స్టాటిక్ దెబ్బ నుంచి చిప్‌ని కాపాడేది) తీసెయ్యమని చెప్పను. కానీ సరైనది పెట్టండి. యూఎస్‌బీఎల్‌సీ6-2 లైన్‌కి మాక్సిమమ్ 3.5 పీకోఫారడ్లు, పీఆర్‌టీఆర్5వీ0యూ2ఎక్స్ 1 దగ్గర. పవర్ లైన్ కోసం చేసిన ఎస్ఎంఏజే5.0ఏ లాంటి టీవీఎస్‌ని (ఒక్కసారిగా ఎగిరే వోల్టేజ్‌ని ఆపే డయోడ్‌ని) డేటా లైన్ మీద పెడితే వందల పీకోఫారడ్లు పైనే, సిగ్నల్ అక్కడే మునిగిపోతది. షాపులో "ఈఎస్‌డీ డయోడ్" అని ఇచ్చింది తీసుకోకుండా పార్ట్ నంబర్ చూసి డేటాషీట్‌లో కెపాసిటెన్స్ చూస్కోండి. కనెక్టర్ పక్కనే, ట్రేస్ డయోడ్ ప్యాడ్ మీద నుంచే పోవాలి, గ్రౌండ్ వయా దాని కాలి దగ్గరే.

కామన్ మోడ్ చోక్ (రెండు లైన్ల మీదా కలిసొచ్చే నాయిస్‌ని ఆపే కాయిల్) అలవాటుగా పెట్టొద్దు. ఈఎంఐ టెస్ట్‌లో (బోర్డు బయటికి పంపే నాయిస్ కొలిచే టెస్ట్‌లో) ఫెయిల్ అయితేనే, అది కూడా 480కి అని రాసి ఉన్నదే. సిరీస్ రెసిస్టర్లు చిప్‌ని బట్టి: ఆర్‌పీ2040కి 27 ఓమ్ కావాలి, హై స్పీడ్ ఫిజికల్ లేయర్ ఉన్న చాలా చిప్పుల్లో 45 ఓమ్ లోపలే ఉంటది, అక్కడ బయట ఇంకోటి పెడితే సిగ్నల్ కుంగుతది.

9. స్కోప్

ఫుల్ స్పీడ్‌కి 100 మెగాహెర్ట్జ్ స్కోప్ చాలు. 480 ఐ డయాగ్రమ్ పద్ధతి ప్రకారం చూడాలంటే 2 గిగాహెర్ట్జ్ తరగతి స్కోప్, డిఫరెన్షియల్ ప్రోబ్ కావాలి, మామూలు పాసివ్ ప్రోబ్ 10 పీకోఫారడ్ల చొప్పున లైన్ మీద ఎక్కి సిగ్నల్‌ని అదే చెడగొడతది. మీ దగ్గర లేకపోతే కాలేజ్ ల్యాబ్‌లోనో తెలిసిన కంపెనీలోనో అడగండి, రాయదుర్గంలోని టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైపింగ్ సెంటర్లో ఏ పరికరాలున్నాయో కనుక్కోండి.

పెద్ద స్కోప్ లేకుండా కూడా ఒకటి చెయ్యొచ్చు. హై స్పీడ్ డివైస్‌కి టెస్ట్ మోడ్‌లు ఉంటాయి, యూఎస్‌బీ-ఐఎఫ్ (యూఎస్‌బీ ప్రమాణాలు చూసే సంస్థ) వాళ్ళ టెస్ట్ టూల్‌తో గానీ మీ ఫర్మ్‌వేర్‌లోంచి గానీ టెస్ట్ జే (డీ ప్లస్‌ని పైనే పట్టి ఉంచే మోడ్) ఆన్ చేసి, కేబుల్ తీసి, రెండు లైన్లకీ 45 ఓమ్ గ్రౌండ్‌కి పెట్టి మల్టీమీటర్‌తో డీ ప్లస్ చూడండి (కేబుల్ తీసినా బోర్డుకి పవర్ ఉండేలా చూస్కోవాలి). 360 నుంచి 440 మిల్లీవోల్టుల మధ్య రావాలి. 800 దగ్గర వస్తే ఒక వైపు టర్మినేషన్ (లైన్ చివర ఉండాల్సిన 45 ఓమ్) లేనట్టు. బాగా తక్కువ వస్తే రిఫరెన్స్ రెసిస్టర్, అదనపు సిరీస్ రెసిస్టర్ చూడండి.

10. కాసేపు పని చేసి తెగిపోతుంటే

ఇది వేరే జబ్బు. మోటర్ తిరగ్గానే, రిలే కొట్టగానే తెగిపోతే, లైనక్స్ లాగ్‌లో "డిసేబుల్డ్ బై హబ్, ఈఎంఐ?" అని దాదాపు దొంగని పట్టిచ్చేస్తది. లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద చూడండి, మెరుగైతే గ్రౌండ్ లూప్. రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉందా, మోటర్ కరెంట్ యూఎస్‌బీ గ్రౌండ్ దారిలోంచి పోతోందా, కనెక్టర్ షెల్ ఎక్కడా తగలకుండా గాల్లో ఉందా చూస్కోండి. మోటర్ గ్రౌండ్‌ని సప్లై దగ్గరకి విడిగా తీస్కెళ్ళడం ఎన్ని ఫెర్రైట్ బీడ్ల కంటే కూడా ఎక్కువ పని చేస్తది.

11. రెండో రివిజన్ పంపే ముందు పాత బోర్డు మీదే రుజువు చెయ్యండి

అనుమానం ఏదైనా చేతిలో ఉన్న బోర్డు మీదే తేల్చొచ్చు. ఫర్మ్‌వేర్‌లో ఫుల్ స్పీడ్‌కి లాక్ చేసి చూడండి, 12లో గంటలకొద్దీ శుభ్రంగా నడిచి 480లోనే ఎర్రర్లంటే తప్పు నిజంగా హై స్పీడ్ అనలాగ్ దారిలో ఉంది, రెండింట్లోనూ డివైస్ కనిపించకపోతే మళ్ళీ పై మెట్లకే పోవాలి. అరమీటర్ కేబుల్‌తో నడిచి 3 మీటర్లతో పడిపోతే సిగ్నల్ ఉంది గానీ మార్జిన్ లేదు. ఈఎస్‌డీ డయోడ్ ఒకసారి తీసి చూడండి, టెస్ట్ కోసమే. ప్లేన్ కోత అనుమానమైతే ట్రేస్‌కి రెండు వైపులా మాస్క్ గీకి కాపర్ టేప్‌తో గ్రౌండ్ కలిపి సోల్డర్ చెయ్యండి, ఎర్రర్లు తగ్గాయంటే కారణం దొరికింది. ఐ.ఎంఎక్స్6 లాంటి ప్రాసెసర్లలో డ్రైవ్ కరెంట్, టర్మినేషన్ మార్చే రిజిస్టర్లు ఉంటాయి, వాటితో మార్జిన్ పెరిగితే బోర్డు మార్చకుండానే గట్టెక్కొచ్చు.

వీటిలో ఒకటి మార్చినప్పుడు ఇంకోటి కదపొద్దు, ప్రతిసారీ లాగ్‌లో ఎర్రర్ల సంఖ్య రాసుకోండి. కొత్త లేఅవుట్‌లో డేటా లైన్ల మీద సున్నా ఓమ్ రెసిస్టర్లకి చోటు వదలండి, చిప్ దగ్గర, ట్రేస్ వెడల్పుకి దగ్గరగా ఉండే 0402 సైజులో. చోక్ కావాలనిపిస్తే దాని ఫుట్‌ప్రింట్ కూడా పెట్టి ప్రస్తుతానికి సున్నా ఓమ్‌తో దాటించండి. 48 మెగాహెర్ట్జ్ క్లాక్ బయటికొచ్చే పిన్నుకి ఒక టెస్ట్ పాయింట్, 3.3కి ఒకటి, స్కోప్ స్ప్రింగ్ తగిలించడానికి పక్కనే గ్రౌండ్ ప్యాడ్ ఒకటి ఉంచండి.